గద్వాలలో ఆరని కాయిలు

నేను పొయ్యిలు చేసే మనిషిని. వంటపొయ్యిలు కావు. హైదరాబాదులో మా బాలానగర్ షెడ్డులో తయారయ్యేవి నిలువెత్తు ఇనుప బీరువాల్లా ఉంటాయి. లోపల కరెంటు హీటర్లు, వేడిగాలిని తిప్పే ఫ్యాను, పక్కన ఎన్ని డిగ్రీలో చూపించే డబ్బా. ట్రాన్స్‌ఫార్మర్ కాయిళ్ళు, మోటారు చుట్లు, సర్క్యూట్ బోర్డులు వీటిలో ఆరుతాయి. వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చిన ఆ రోజుల్లో పాలమూరు జిల్లాలో బోర్లు పెరిగాయి, వాటితోపాటు కాలిపోయే ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగాయి, వాటితోపాటు నా గిరాకీ పెరిగింది. ఒకరి కష్టం ఇంకొకరికి బేరం. సిగ్గుపడకుండానే చెబుతున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నోరు కాస్త పెద్దది. "నీ నోటికో మూత చేయించుకోవే, ఇనప్పని నీ చేతిలోనే ఉందిగా" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నోరు లేకపోతే ఆడది ఇనుప సామాను అమ్మి బతకగలదా అని నేనంటాను. ఇద్దరిలో ఎవరూ తగ్గం.

జనవరి చివర్లో గద్వాల నుంచి వెంకటేశు ఫోన్ చేశాడు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్లను కొత్తగా చుట్టి బాగుచేసే షాపు అతనిది. రెండేళ్ళ కిందట నా దగ్గర పొయ్యి కొన్నాడు. దాన్ని బిగించడానికి నేనే వెళ్ళాను, వెళ్ళి చాలా గొప్పలు చెప్పాను. అమ్మకంలో అదొక భాగం.

"మేడమ్, మీ పొయ్యి ఖరాబైంది. గట్టు దిక్కు ఒక ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి పంపిన, వారం దినాలకే కాలి తిరిగొచ్చింది. మల్ల చుట్టి పంపిన, మల్ల కాలింది. ఇంకో ఊరిది గూడ గట్లనే. రైతు నా షాపుల్నే కూసున్నడు. మూడోసారి గూడ కాలిందనుకో, ఆయన పంట పోతది, నా షాపు మూతపడ్తది."

"నా పొయ్యి ఖరాబవదు వెంకటేశూ. వస్తున్నా, చూపిస్తా," అన్నాను.

చదివేవాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. కాయిలంటే రాగితీగకు కాగితం చుట్టి, దాన్ని పొరలు పొరలుగా చుట్టింది. ఆ కాగితంలో తడి ఉండిపోతే కరెంటు పెట్టిన కొన్నాళ్ళకే లోపల పేలుతుంది. అందుకే రాత్రంతా నూట అయిదు డిగ్రీల దగ్గర ఆరబెట్టి, ఆ తర్వాత నూనెలో ముంచుతారు. సరిగా ఎండని వడియం నూనెలో ఏమవుతుందో తెలుసుగా, ఇదీ అంతే.

మూడోసారి చుట్టడానికి ఇంకో మూడు రోజులు పడుతుందన్నాడు. ఈలోపు దారిలో ఉన్న నా మిగతా పొయ్యిలు రెండూ చూసుకుంటూ పోదామని పనిముట్ల డబ్బా పట్టుకుని బస్సెక్కాను. పాలమూరంటే ఎండలూ వలసలూ తప్ప ఇంకేమీ తెలియని మా వైపువాళ్ళు చదువుతారని ఇది రాస్తున్నాను.

నాగర్‌కర్నూల్: పొయ్యి మీద సద్ది

బస్టాండు నుంచి ఆటో దిగేసరికి బాలస్వామి షాపు ముందు బోరు మోటార్లు వరసగా పడున్నాయి. ఆయనకు అరవై దాటాయి. మోటార్లకు తీగ చుట్టి, వార్నిష్ పూసి, నా పొయ్యిలో కాలుస్తాడు. నన్ను చూసి నా వెనక్కి చూశాడు.

"సారు రాలేదా?"

"సారే వచ్చాడు. ఇదిగో," అని డబ్బా తెరిచాను.

ఆయన నవ్వి టీ తెప్పించాడు. రెండు రూపాయల టీ, సగం గ్లాసు, పాకంలాగా తియ్యగా ఉంది. మా వైపు ఇంత పంచదార వేస్తే పెళ్ళివారిచ్చారా అంటారు.

పొయ్యి లోపల నేను కొలతలు తీస్తుంటే ఆయన ముక్కు ఎగబీల్చి, "కింద ఎడమ మూల జర వేడి తక్కువుంది మేడమ్," అన్నాడు.

"వాసన చూసి డిగ్రీలు చెబుతావా పెద్దాయనా? నా మీటర్లు ఎందుకు మరి?"

"వార్నిష్ వాసన ఆడ పచ్చిగ వస్తది. చూసుకో."

చూశాను. సరిగ్గా ఎడమ మూలే, ఏడు డిగ్రీలు తక్కువ. ఒక హీటరు చచ్చింది. నాకు ఒళ్ళు మండింది కానీ ఏం చేస్తాం, మార్చాను. ఆయన గెలిచినట్టు కూడా మొహం పెట్టలేదు, అదింకా మంట.

మధ్యాహ్నం పొయ్యి నెత్తిమీద నుంచి ఒక సత్తు టిఫిను దించాడు. పొద్దున కాల్చిన జొన్నరొట్టెలు అక్కడ పెట్టాడట, ఇప్పుడే పెనం మీద నుంచి తీసినట్టు వెచ్చగా ఉన్నాయి. పల్లీల పచ్చడి, ఉల్లిపాయ. "పొయ్యి మీద సద్ది పెడతారా?" అని అడిగితే, "అయ్యో, ఊకెనే పోయే వేడే కదా," అన్నాడు. రొట్టెని చేత్తో తుంచడం నాకు సరిగా రాలేదు. అన్నం తినే చెయ్యి నాది, రొట్టె ముందు ఓడిపోయింది. రెండున్నర తిన్నాను మాత్రం.

వనపర్తి: గొట్టం దగ్గర మిరపకాయలు

వనపర్తిలో రాజుల కోటలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తుంది. మా వైపు కోటలుంటే టికెట్టు పెట్టి చూపిస్తారు, ఇక్కడ పిల్లలు అందులో లెక్కలు చేస్తారు. నాకది నచ్చింది.

ఆ కాలేజీలో చదివిన ఒకాయన ఊరి చివర చిన్న షెడ్డు వేసి ఆటో స్టార్టర్లకు సర్క్యూట్ బోర్డులు చేయిస్తున్నాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, చేను దగ్గర మనిషి లేకపోయినా మోటారును ఆడించేది ఆ బోర్డే. ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని టంకం పెడుతున్నారు. వాళ్ళలో పెద్దది లక్ష్మమ్మ, మాటకారి.

"మేడమ్, ఒక్కదానివే వచ్చినవా? మీ ఆయన ఏం చేస్తడు?"

"బ్యాంకులో పని. ఇప్పుడు ఇంట్లో పిల్లలకు వంట చేస్తూ ఉంటాడు."

ఆరు టంకం కర్రలూ ఒక్కసారి ఆగిపోయాయి. "వంట చేస్తడా! మా ఆయన్ని జర మీ ఇంటికి పంపిస్త మేడమ్, నేర్పించి పంపుండ్రి," అంది లక్ష్మమ్మ. ఆ తర్వాత గంటసేపు నవ్వులే.

పొయ్యి బాగానే ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే, వేడిగాలి బయటికి పోయే గొట్టం ముందు చాటలో మిరపకాయలు, పక్కన తాడు మీద ఒక పిల్లవాడి యూనిఫాం ఆరుతున్నాయి. నేను నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏంటమ్మా ఇది, ఫ్యాక్టరీయా దండెమా?" అన్నాను.

"వేడి ఊకెనే గాలికి పోతుంటే పాపం తగుల్తది మేడమ్," అంది లక్ష్మమ్మ, మిరపకాయలు తిరగేస్తూ.

 నిజానికి మేం కొలిమి పనివాళ్ళం చదువుకునేదీ అదే, వేడిని పోనివ్వకూడదని. చాటను గొట్టానికి ఇంకో జానెడు దూరం జరిపించాను, అంతే. వాళ్ళు పెట్టిన సర్వపిండి రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుని బయల్దేరాను. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాలుస్తారు. మా వైపు చెక్కలకు అక్కలాంటిది, కాకపోతే మెత్తటి మనసు.

జూరాల: మేక తిన్న తీగ

ఆత్మకూరు మీదుగా గద్వాల పోయే బస్సు జూరాల ఆనకట్ట మీద నుంచి వెళ్తుంది. కండక్టరు నా డబ్బాకు కూడా టికెట్ కొట్టి, దాన్ని వెనక సీట్ల దగ్గర ఒక మేక పక్కన పెట్టించాడు. మేకకు టికెట్ ఉందో లేదో అడగలేదు.

ఆనకట్ట దగ్గర బస్సు ఆగితే దిగి చేపలు తిన్నాను. కృష్ణలో పొద్దున పట్టినవి, కారం దట్టించి నూనెలో వేయించి ఆకులో పెట్టిస్తారు. ఇరవై రూపాయలకు నాలుగు ముక్కలు. మా వైపు అదే కృష్ణ, చేపకు పులుసు పెడితేనే మర్యాద. ఇక్కడ అంత ఓపిక లేదు, అంత అవసరమూ లేదు. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఇంకో ఇరవై ఇచ్చాను.

తిరిగి ఎక్కేసరికి డబ్బా మూత తెరుచుకుని ఉంది. వేడి కొలిచే తీగలు తొమ్మిది తెచ్చాను, ఒకదాని పసుపురంగు తొడుగు మేక నోట్లో ఉంది.

"అయ్యో అయ్యో! నీ మేక నా తీగ తినేసిందయ్యా!"

మేకాయన తీరిగ్గా తీగ లాగి, వాసన చూసి, నాకు అందించాడు. "ఏం పరేషాన్ కాకమ్మా, మా మేకకు అరుగుతది."

గద్వాల: ఎనిమిది తీగల పరీక్ష

వెంకటేశు షాపు గద్వాల కోటకు కాస్త ఇవతల, నేతగాళ్ళ వీధి మొదట్లో ఉంటుంది. భార్య అనసూయ ఆ వీధి ఆడపడుచే. పుట్టింట్లో రెండు మగ్గాలున్నాయి, ఇద్దరన్నలు నేస్తారు, ఆమె రంగులద్దిన పట్టునూలు సిద్ధం చేసిస్తుంది. ఆ ఇంట్లో మగ్గం చప్పుడు, షాపులో సుత్తి చప్పుడు, మధ్యలో ఒక్క గోడ.

షాపులో ఒక ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్ తొట్టి మీద ఒకాయన కూర్చున్నాడు. తెల్ల తలపాగా, బక్కపలచటి మనిషి. గట్టు మండలం తిమ్మప్ప. కర్ణాటక సరిహద్దు ఊరు, మాటలో అక్కడక్కడా కన్నడం దొర్లుతుంది. నాలుగెకరాలు కౌలుకు తీసుకుని బోరు కింద వేరుశనగ వేశాడు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. దాని కింది మిగతావాళ్ళు జొన్న వేశారు, జొన్న కొంచెం ఓర్చుకుంటుంది. ఆయన పంట ఓర్చుకోదు.

"ఊడలు దిగే యాళ తల్లీ. ఇప్పుడు భూమి మెత్తగుంటెనే ఊడ లోపలికి పోతది, బుడ్డ కడ్తది. నీరు లేక పది దినాలాయె. ఇంకో నాలుగు దినాలు చూస్త. గంతే."

"ఈసారి కాలదు," అన్నాను.

"రెండుసార్లు గట్లనే అన్నరు."

"వాళ్ళన్నారు. ఇప్పుడు నేనంటున్నా."

కొత్తగా చుట్టిన మూడు కాయిళ్ళు సిద్ధంగా ఉన్నాయి. పొయ్యిని ముందు ఖాళీగా వేడి చేయించి, మేక దయతలచి వదిలిన ఎనిమిది తీగలను ఎనిమిది మూలల్లో వేలాడదీసి రెండు గంటలు చూశాను. నూట అయిదుకు ఒక డిగ్రీ అటూ ఇటూ. పై మూల, కింది మూల, తలుపు దగ్గర, ఎక్కడ చూసినా అంతే. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

అంతటితో ఊరుకోవచ్చుగా? టీ కొట్టాయన, పక్క షాపువాళ్ళు, తిమ్మప్ప, అందరూ చూస్తుండగా వెంకటేశు మీద పడ్డాను.

"నా పొయ్యి బంగారం. తప్పు నీ చేతిలో ఉంది. కాగితం సరిగా చుట్టడం రాక పొయ్యి మీద నెపం పెడతావా? ఇలాగైతే షాపు మూసుకోవడమే నయం!"

వెంకటేశు ఒక కాయిలు తెచ్చి నా ముందు పెట్టి, పై పొర కాగితం విప్పి చూపించాడు. వంకపెట్టడానికి లేదు. ఒక్క మడత లేదు, ఒక్క చిరుగు లేదు. అయినా నేను వెనక్కి తగ్గలేదు. "ఈ ఒక్కటి బాగా చుట్టావేమో," అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

సాయంత్రం అయిదింటికి కాయిళ్ళు లోపల పెట్టి తలుపు వేశాం. తెల్లారేదాకా వెంకటేశు కాపలా. నన్ను అనసూయ వాళ్ళ పుట్టింటికి తీసుకుపోయింది.

అక్కడ మగ్గం మీద ఒక చీర సగంలో ఉంది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నేసేటప్పుడే ఒక్కో పోగు దగ్గర నూలునూ పట్టునూ చేత్తో ముడేసి కలుపుతారు. దాన్ని కుప్పడం అంటారట. మా మంగళగిరి చీరకు అంచు మగ్గం మీద తనంతట తానే వచ్చేస్తుంది. ఇక్కడ అంచు కోసం పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. మాఘమాసం పెళ్ళిళ్ళు దగ్గర పడ్డాయని ఇంటినిండా హడావుడి. వరండాలో ఎర్రటి రంగునీళ్ళ బానలు, గోడకు వెదురుకర్రలు.

"పట్టుకు ఎండ తగలొద్దు మేడమ్, రంగు పోతది. నీడల్నే ఆరాలె. ఈ చలికి నీడల ఆరాల్నంటె రెండు దినాలైతది," అంది అనసూయ, అన్నం వడ్డిస్తూ. నేను పచ్చిపులుసు మూడోసారి పోయించుకుంటూ ఆ మాట విన్నాను. విన్నానంతే.

గద్వాల, మర్నాడు: తలుపు తీసిన పొయ్యి

పొద్దున్నే సందు చివర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ కట్టించుకున్నాను. నానబెట్టిన మరమరాలకు తాలింపు పెట్టి పుట్నాలపొడి చల్లుతారు. అయిదు రూపాయల పొట్లం ముగ్గురికి సరిపోతుంది. వెంకటేశుకు కోపం తగ్గించడానికి రెండు పొట్లాలు తీసుకున్నాను.

తెల్లవారుజామున పొయ్యి ఆపేసి, మీటరుతో తేమ చూసి, బాగా ఆరిందని రాసుకుని వెంకటేశు బల్ల మీద పడుకున్నాడు. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక, మధ్యాహ్నం కాయిళ్ళను తొట్టిలో బిగించి నూనె పోస్తారు. వాళ్ళ పద్ధతి అది.

నేను లోపలికి పోయేసరికి పొయ్యి తలుపు బార్లా తెరిచి ఉంది. అనసూయ ఒక వెదురుకర్రను లోపల అడ్డంగా నిలబెడుతోంది. కర్ర నిండా ఎర్రటి పట్టునూలు కట్టలు, చిలపలంటారు, అప్పుడే బానలోంచి తీసి పిండినవి. వాటి కింద, వాటి మధ్య, రాత్రంతా ఆరిన నా కాయిళ్ళు. చిలపల నుంచి ఆవిరి లేస్తోంది.

"అయ్యో! ఏం చేస్తున్నావమ్మా!" పొట్లాలు చేతిలోంచి జారిపోయాయి. వెంకటేశు ఉలిక్కిపడి లేచాడు.

అనసూయ నా వంక వింతగా చూసింది. "నూలు ఆరబెడ్తున్న. ఏందట్ల అరుస్తున్నరు?"

"తడి నూలా? కాయిళ్ళతోనా? ఆ కాగితం తడిని దూదిలా పీల్చుకుంటుంది తల్లీ! రాత్రంతా ఆరబెట్టిందంతా ఒక్క పూటలో పోయింది. ఎవరు చెప్పారు నీకు ఇందులో పెట్టమని?"

"మీరే చెప్పిన్రు కద మేడమ్."

"నేనా?"

"పొయ్యి తెచ్చిన దినం. ఈడ్నే నిలబడి చెప్పిన్రు. 'ఈ వేడి ఎంత చల్లటి వేడో తెలుసా, మీ పట్టు చిలపలు పెట్టుకున్నా ఒక్క పోగు రంగు మారదు, నాదీ పూచీ' అన్నరు. మేము నమ్మినం. మీరన్నట్లే ఒక్క పోగు మారలే. నిరుడంత ఖాళీ పొయ్యిల పెడ్తుంటి. ఈ యేడు పెండ్లిళ్ళ గిరాకి ఎక్కువైంది, కాయిళ్ళు చల్లారేటప్పుడు పక్కన జాగ ఉంది కద అని పెడ్తున్న, ఈయన నిద్ర లేచేటాళ్ళకు తీస్తున్న. వేడి ఊకెనే పోతుండె."

నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఆ రోజు చుట్టూ నేతగాళ్ళు మూగితే, వాళ్ళకు నచ్చే మాట ఏదో ఒకటి అనాలని అన్నాను. చెన్నైలోనైతే ఇడ్లీలు పెట్టుకోవచ్చు అనేదాన్ని. అన్నాను, చప్పట్లు కొట్టించుకున్నాను, బస్సెక్కి మర్చిపోయాను. వీళ్ళు మర్చిపోలేదు. మేడమ్ చెప్పిన మాట కదా.

తలుపు దగ్గర తిమ్మప్ప నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో గాని అంతా విన్నాడు.

"గదేంది తల్లీ," అన్నాడు మెల్లగా. "నీ నోటిమాటకా నా నీళ్ళు పోయింది?"

"అవును తిమ్మప్పా. తప్పు నాదే," అన్నాను. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని బయటికి వెళ్ళి, అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

వెంకటేశు దగ్గరికి పోయి క్షమించమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నిన్న అందరి ముందట అన్నరు మేడమ్. ఇయ్యాల గూడ అందరి ముందట అనుండ్రి."

న్యాయమైన మాట. టీ కొట్టాయన్ని పిలిచాను, పక్క షాపువాళ్ళను పిలిచాను, అనసూయ అన్నలూ వచ్చారు. షాపు మధ్యలో నిలబడి, నిన్న ఎంత గొంతుతో అరిచానో అంతే గొంతుతో చెప్పాను. "వెంకటేశు చుట్టిన కాయిల్లో తప్పు లేదు. అతని చెయ్యి బంగారం. తప్పు నా నోటిది." ఎవరూ నవ్వలేదు. టీ కొట్టాయన అందరికీ టీ పోశాడు, నాకు కూడా.

ఆ తర్వాత పని. కర్ర తీసేసి, కాయిళ్ళను మళ్ళీ ఆరబెట్టాం. ఈసారి చల్లార్చేది లేదన్నాను. సాయంత్రం నాలుగున్నరకు తేమ చూసి, తోలు తొడుగులు వేసుకుని, వేడి వేడిగానే బయటికి తీసి తొట్టిలో బిగించి నూనె పోశాం. మోచేతి దగ్గర నాకు చుర్రుమంది, వెంకటేశుకు రెండు చోట్ల. నూనె నిండాక అతను నా వైపు చూసి, "రెండేళ్ళ కిందట గిదే చెప్పుంటే అయిపోతుండె కద మేడమ్," అన్నాడు. నిజమే. ఆ రోజు పట్టు గురించి చెప్పడంలో పడి, చల్లారకముందే నూనె పోయాలని చెప్పడం మరిచిపోయాను.

అనసూయ చిలపల్ని ఒళ్ళో పెట్టుకుని ఒక పక్కన కూర్చునుంది. పెళ్ళివారి చీర ఆగిపోతుందని ఆమె దిగులు. నాకు వనపర్తి మిరపకాయల చాట గుర్తొచ్చింది. పొయ్యి వెనక గొట్టం ముందు పాత చెక్కపెట్టె ఒకటి నిలబెట్టి, పైన చిల్లులు పొడిచి, లోపల వెదురుకర్ర పెట్టాను.

"ఈడ పెట్టుకోవచ్చా? నిజం చెప్పుండ్రి," అంది అనసూయ.

ఎప్పటిలా "భేషుగ్గా" అనబోయి ఆగాను. "ముందు రెండు చిలపలు పెట్టి చూద్దాం," అన్నాను.

గట్టు: ఏడుగంటల కరెంటు

మర్నాడు పొద్దున ట్రాన్స్‌ఫార్మర్ ట్రాక్టరెక్కింది. దాని పక్కన తిమ్మప్ప, వెంకటేశు, నేను. గద్వాల దాటాక నేల ఎర్రబడుతుంది, ఆ తర్వాత రాళ్ళ గుట్టలు మొదలవుతాయి. మా కాలవల దేశంలో పొలం అంటే పచ్చగా చదునుగా ఉంటుంది. ఇక్కడ ప్రతి చెక్కా రాళ్ళు ఏరి ఏరి సంపాదించుకున్నది. గట్ల వెంబడి ఏరిన రాళ్ళు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. తిమ్మప్ప దారంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

ఆయన చేను చూశాను. ఎగువ రెండెకరాలు నీలిపచ్చగా మారి ఆకులు ముడుచుకున్నాయి. దిగువ రెండెకరాలు, బోరు దగ్గరివి, అంచులు పండుబారాయి. ఆయన వంగి ఒక మొక్కను పీకి చూపించాడు. పూల నుంచి దిగే ఊడలు సూదుల్లా కిందికి వచ్చి, గట్టినేల తగిలి, చివర నల్లబడి ఆగిపోయాయి. నేను మొక్కను చేతిలోకి తీసుకున్నాను.

ఆ వారం ఊరికి పగటి కరెంటు, పదకొండింటి నుంచి ఏడుగంటలు. లైన్‌మన్ వచ్చి తీగలు కలిపేసరికి పదకొండు దాటింది. ఊరివాళ్ళు పాతికమంది పోగయ్యారు, అందరూ దూరంగానే నిలబడ్డారు. పోయినసారి పేలినప్పుడు నూనె చిందిందట.

తిమ్మప్ప స్టార్టర్ డబ్బా దగ్గర నన్ను నిలబెట్టాడు. "నీ నోటితో చెప్పినవు. నీ చేతితో పెట్టు."

చెయ్యి ఎత్తాను. ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు.

"ఇగ కాలదు కద?"

నూరేళ్ళు ఆడుతుంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. కాయిలు ఆరింది, అది నాకు తెలుసు. ఊరి లోడు ఎంతో, రేపు పిడుగు పడుతుందో, ఎవరు అదనంగా మోటారు తగిలిస్తారో నాకేం తెలుసు?

"తెల్వదు తిమ్మప్పా," అన్నాను.

ఆయన మొహంలో ఈ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వు కనిపించింది. "హౌదా! ఇప్పుడు నమ్ముతున్న. పెట్టు."

పెట్టాను. స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ సన్నగా గుయ్యిమంది. గొట్టం రెండుసార్లు దగ్గి, ఎర్రనీళ్ళు కక్కి, తర్వాత తేటనీళ్ళు దూకించింది. తిమ్మప్ప పార తీసుకుని ఒక్క క్షణం ఎగువ మడుల వైపు చూసి, దిగువకే మళ్ళించాడు. ఉన్న నీళ్ళు దేన్ని బతికిస్తాయో ఆయనకు తెలుసు. నేను ఆ రోజు ఏడుగంటలూ ఆ స్తంభం కిందనే కూర్చున్నాను. ఎవరో జొన్నరొట్టె తెచ్చిపెట్టారు. ఈసారి తుంచడం వచ్చింది.

తిరిగొచ్చాక నా పొయ్యిల తలుపుల మీద తెలుగులో ఒక రేకు కొట్టిస్తున్నాను. 'కాయిళ్ళు లోపల ఉండగా ఇంకేదీ పెట్టరాదు. చల్లారక ముందే నూనె పోయాలి.' మొన్న ఒక కొనేవాడు, ఇంకేదీ అంటే ఏమిటండీ, ఇనుప పొయ్యిలో ఎవరేం పెడతారు అని నవ్వాడు. కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. నా పొయ్యి ఇప్పటికీ బంగారమే, అందులో అనుమానం లేదు. అమ్మకం పోయినా సరే, పొయ్యి చేయలేనిదాన్ని చేస్తుందని మాత్రం అనడం లేదు.

మార్చి ఆఖర్లో గద్వాల బస్సులో నాకొక సంచి వచ్చింది. వేరుశనగ, ఇంకా మట్టి అంటుకునే ఉంది. వెనకే వెంకటేశు ఫోన్. ట్రాన్స్‌ఫార్మర్ ఆడుతూనే ఉందట, ఆ రెండో ఊరిదీ మళ్ళీ కాలలేదట, అనసూయ పెట్టెలో నూలు ఒక్కరోజులో ఆరుతోందట. తిమ్మప్ప చెప్పమన్న మాట ఒకటుందన్నాడు.

"రెండెకరాలు పోయినయని చెప్పమన్నడు మేడమ్. ఇవి నిలిచిన రెండెకరాలవి. తినుమన్నడు."

ఉప్పేసి ఉడకబెట్టాను. ఇంట్లో అందరం కూర్చుని ఒలుచుకు తిన్నాం. ఒక్క కాయ కూడా పారెయ్యలేదు.